తువ్వాల కింది అర్థశాస్త్రం

"మామిడికాయ ధర చెట్టు మీద పుట్టదు, సమీకరణంలో పుడుతుంది!" అని మా మృత్యుంజయ సారు ఎం.ఏ. మొదటి రోజే ప్రకటించారు. గణితంతో కలిసిన అర్థశాస్త్రం జిల్లా మొత్తానికీ తనకొక్కడికే వచ్చునని ఆయన నమ్మకం. వేరే సారు లేరు కనుక మేమూ నమ్మాం.

నాకు శ్రీనివాసపురం మండీలో మామిడి ధరలు ప్రాజెక్టుగా ఇచ్చారు. అది గట్టెక్కకపోతే డిగ్రీ లేదు. ఆండర్సన్‌పేటలో గని గుమాస్తాగా ఉన్న మా నాన్న అప్పటికే వాకిట్లో బోర్డు మీద 'వత్సల, ఎం.ఏ.' అని రాయించేశాడు!

మండీలో చూస్తే ఎవరూ ధర నోటితో చెప్పరు. దళారి మారప్ప, రైతు చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుకుని లోపల వేళ్లు నొక్కుకుంటారు. అంతే, బేరం ముగుస్తుంది. నా నోటుపుస్తకం ఖాళీగా మిగిలింది. సారుకు చెబితే, తువ్వాల సంగతి ఏ పుస్తకంలోనూ లేదని, తన సమీకరణం గీసే గీతకు సరిపడే అంకెలు ఇంట్లో కూర్చుని వేసుకోమని సెలవిచ్చారు.

నాకు రోషం వచ్చింది. గౌనిపల్లి నుంచి కాయలు తెచ్చే చిన్నవెంకటమ్మ దగ్గర నెల రోజులు గంపలు మోసి వేళ్ల లెక్క నేర్చుకున్నాను. నిజమైన అంకెలు పట్టుకెళితే సారు గీత వంకర పోయింది. తప్పు బజారుదేనని తేల్చి కాగితాలు తిరిగి ఇచ్చేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ ఆదివారం సారే అత్తగారి తోట కాయలు ట్రాక్టరులో వేసుకుని మండీకి వచ్చారు. సమీకరణం ప్రకారం ధర గట్టిగా చదివారు. మారప్ప తువ్వాల చాచాడు. సారు చేయి పెట్టారు. లోపల ఏం నొక్కాడో తెలియక, మర్యాదకు తల ఊపబోయారు. చిన్నవెంకటమ్మ భుజం పట్టి ఆపింది.

"తలకాయ ఊపొద్దప్పా, ఒప్పుకున్నట్ల అయిపోతాది. ఇంగ ఆ బిడ్డను పిలువు."

ఆయన బదులు నేను చేయి పెట్టాను. కాయలు మంచి ధరకే పోయాయి. సారు నా కాగితాలు అడిగి మరీ తీసుకెళ్లారు.

వైవా రోజున, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ఈ ధరలు ఎలా తెలిశాయని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే సారు కుడిచేయి ఎత్తి చూపించారు.

"ఈ చేత్తో నేనే నేర్పించినానండీ. మండీలో కాలు పెట్టనోనికి అర్థశాస్త్రం యాడొస్తాది?"

పరీక్షకుడు ముగ్ధుడై నేను పాసైనట్టు చెప్పారు. తర్వాత లేచి వచ్చి, సారుకు కరచాలనం చేశారు.