ఆరేళ్లు బకెట్టు పట్టిన మంత్రిగారు

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మన్నించండి. నా రాత నిదానం. ఇది ముగిసేలోగా మంత్రిగారు ఇంకో డిగ్రీ పుచ్చుకుంటే ఆ బాధ్యత నాది కాదు.

ఉన్నత విద్యా మంత్రిగారు పిహెచ్‌డి గ్రంథం పూర్తి చేశారని యూనివర్సిటీ గేటుకు బ్యానరు కట్టారు. ఎప్పుడు చేరారని ఎవరూ అడగలేదు. అడగకముందే రిజిస్ట్రారుగారు చెప్పేశారు: "ఆరేళ్ల క్రితమే మనసులో చేరారు. కాగితం ఈ వారం చేరింది."

బ్యానరు కింద నిలబడి చదివింది ఆరో ఏడావిడ. పరిశోధనలో ఆరో ఏడు నడుస్తోంది కాబట్టి అందరూ ఆమెనలాగే పిలుస్తారు. వీధి కుళాయిల దగ్గర వరుసలో నిలబడ్డ ఆడవాళ్ల మాటల మీద ఆమె పరిశోధన. పద్నాలుగు కుళాయిలు తిరిగి, మూడు వందల పేజీలు రాసి, నెల క్రితం గైడుగారి చేతిలో పెట్టింది. నెలాఖరులోగా సమర్పించకపోతే ఆరేళ్లూ నీళ్లపాలే. గైడుగారు "చూస్తున్నానమ్మా" అంటూనే ఉన్నారు.

మంత్రిగారి మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చన్నారు. ఆమె కూడా వెళ్లి వెనక వరుసలో కూర్చుంది.

పరీక్షాధికారి గ్రంథం తెరిచి చేతులు జోడించారు. "అయ్యా, బకెట్టు పట్టుకుని ఆరేళ్లు కుళాయి దగ్గర నిలబడ్డారు. తమరి ముందు నేను కూర్చోవడమే తప్పు."

"ప్రజాసేవ," అన్నారు మంత్రిగారు.

"నలభై మూడో పేజీలో ఒకావిడ తమర్ని 'ఏమే పొట్టిదానా, వరుస తప్పుతావేం' అంది. ఎలా ఓర్చుకున్నారు?"

"అది ప్రతిపక్షం కుట్ర."

హాలంతా చప్పట్లు. ఆరో ఏడావిడ లేచి నిలబడి "అవి నా పేజీలండీ" అంది.

"ప్రేక్షకులు ప్రశ్నలు వేయకూడదు," అన్నారు గైడుగారు, ఆమె వైపు చూడకుండా.

పరీక్షాధికారి కృతజ్ఞతల పేజీకి వచ్చి గొంతు తగ్గించారు. "'ఆరేళ్లు ఇంట్లో గిన్నెలు తోమి నన్ను చదివించిన నా భర్తకు...' అని ఉందండీ."

గైడుగారు తడుముకోలేదు. "అది మంత్రిగారి సొంత విషయం."

పరీక్షాధికారి సిగ్గుపడి, క్షమాపణ చెప్పుకుని, అక్కడికక్కడే డాక్టరేటు ఇచ్చారు.

మర్నాడు ఆరో ఏడావిడ తన గ్రంథం సమర్పించింది. కాపీలు పట్టే కంప్యూటరు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మంత్రిగారి రాతేనని తేల్చింది. మిగిలిన ఒక్క పాలూ ఆమె పేరు. చేతికి నోటీసిచ్చారు.

ఆమె భర్త దర్జీ. కొట్టు కట్టేసి, మెడలో టేపు కూడా తీయకుండా రిజిస్ట్రారు గదికి వెళ్లాడు.

"అయ్యా, ఆ గిన్నెలు తోమింది నేనేనండి. మంత్రిగారి పుస్తకంలో ఉన్న భర్తను నేనే. అంతకన్నా రుజువేం కావాలి?"

రిజిస్ట్రారుగారు గబుక్కున లేచారు. "ముందే చెప్పొద్దా బాబూ? కూర్చోండి. ఎవర్రా అక్కడ, టీ!"

"టీ వద్దండీ. మా ఆవిడ డిగ్రీ సంగతి..."

"ఆమోదం పొందిన గ్రంథం. అందులో మాట కాదనే అధికారం నాకు లేదు. తమరు మంత్రిగారి భర్త."

"కాదండీ, బయట బెంచీ మీద కూర్చున్నావిడ నా భార్య."

"ఆవిడా అదే అంటోందా?"

"అనదా మరి?"

"రాసివ్వమనండి."

ఇంతటితో గండం గడిచిందనుకుని ఆరో ఏడావిడ సంతోషంగా రాసిచ్చింది.

సాయంత్రానికి దర్జీ కోసం మంత్రిగారింటి నుంచి కారొచ్చింది. ఆమెకు రెండో నోటీసు వచ్చింది: మంత్రిగారి భర్తను తన భర్తగా చూపించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

— బొత్తాల మామ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ప్రస్తుతం ఉండేది యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా, మేడ మీద గదిలో.