తవిటయ్యకు ధాతువు

మనిషి పుట్టడానికి తల్లి చాలు. పుట్టాడని ఒప్పుకోవడానికి మాత్రం సంస్కృత ధాతువు కావాలి. కలకత్తాలో ఈ సత్యాన్ని కనిపెట్టినది జనన నమోదు కార్యాలయం మూడో అంతస్తులోని నామార్థ నిర్ధారణ విభాగం. దాని తొమ్మిదో నిబంధన ప్రకారం ప్రతి శిశువు పేరుకూ ఒక ధాతువు, ఒక శుభార్థం ఉండాలి. రెండూ తేలాకే జనన పత్రం. (బొద్దింకలకు ఈ నిబంధన వర్తించదు. అందుకే ఆ అంతస్తులో వాటి సంతతి నిరాటంకంగా పెరిగింది.)

ఖిదిర్‌పూర్‌లో ఉంటూ వీధులు ఊడ్చే కూర్మయ్య ఆ విభాగానికి కొత్తవాడు కాదు. అతని మొదటి కొడుక్కి అక్కడే చిరంజీవి అని ఖాయం చేశారు. జీవ్ ధాతువు, దీర్ఘకాలం బతికేవాడు అని అర్థం. వాడు పదకొండు నెలలు బతికాడు. రెండోవాడు అక్షయుడు. క్షి ధాతువు, తరగనివాడు. వాడు నలభై రోజుల్లో తరిగిపోయాడు.

1983లో మూడోవాడు పుట్టేసరికి అతని భార్య అప్పలకొండమ్మకు ధాతువుల మీద నమ్మకం పోయింది. తమ శ్రీకాకుళం వైపు ఆచారం ప్రకారం బిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటి గురవమ్మకు ఇచ్చేసింది. ఆ సాయంత్రమే చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. తవుడుకు వచ్చిన బిడ్డ కాబట్టి తవిటయ్య. అంత చవకరకం పేరున్నవాణ్ణి చావు కూడా ముట్టుకోదు. కూర్మయ్య తన వంతుగా బిడ్డను చూసినప్పుడు ముఖంలో సంతోషం కనబడనీయకుండా సాధన చేశాడు. రోడ్డు ఊడుస్తున్నప్పుడు కూడా ఆ సాధన మానలేదు. ఎటునుంచి ఎవరు చూస్తున్నారో చెప్పలేం.

పేరు మారిస్తే బిడ్డ దక్కడని అప్పలకొండమ్మ. పత్రం లేనిదే రేషన్ కార్డులో చేర్చం, రేపు బడిలో చేర్చుకోం అని ప్రభుత్వం. నడుమ కూర్మయ్య.

విభాగాధిపతి భట్టశాలి బాబు మంచివాడు. (ఆ అంతస్తులో మంచితనం వల్ల కలిగే ఆలస్యం సగటున మూడు నెలలు.) దరఖాస్తును తిరగ్గొట్టకుండా పరిశీలనకు తీసుకున్నాడు. తవుడుకు ధాతువు దొరకలేదు. ఆహార శాఖను అడిగితే తవుడు మనుషుల ఆహారం కాదని ఫైలును పశువైద్యుడికి పంపారు. శిశువు పశువు కాదని ఆయన రాసిచ్చాడు. (తవిటయ్య గురించి సర్కారు ఇచ్చిన మొదటి పత్రం అదే.) ఆ తరవాత రెండు బంద్‌లు, ఒక ఊరేగింపు, పూజా సెలవులు. తవిటయ్యకు పళ్ళొచ్చాయి.

చివరికి ఒక వెసులుబాటు దొరికింది. ప్రాణరక్షణకు అవసరమని రుజువైతే అశుభనామాన్ని అనుమతించవచ్చు. రుజువుగా శిశువు సజీవంగా ఉన్నట్టు పత్రం తేవాలి. సజీవ పత్రానికి జనన పత్రం జతచేయాలి.

కూర్మయ్య నిలబడే ఉన్నాడు. భట్టశాలి బాబుకు జాలి కలిగింది.

"మృత్యుంజయుడని రాసేస్తాను. మృత్యువును జయించినవాడు. ఇంతకంటే గట్టి పేరు మా దగ్గర లేదు."

చావును పేరుపెట్టి పిలిచి, ఇంటి నంబరు కూడా చెప్పినట్టుంది కూర్మయ్యకు. అప్పుడతనికి రోజూ పొద్దున్నే తాను ఊడ్చే ఒక సందు గుర్తొచ్చింది. అక్కడ మేడమీంచి ఒక ముసలావిడ, ఆఫీసుకు బయల్దేరే కొడుకును కేకేస్తుంది. పాంచ్‌కడీ, గొడుగు మరిచిపోయావు. పాంచ్‌కడి అంటే అయిదు గవ్వలని కూర్మయ్యకు కిళ్ళీకొట్టువాడు చెప్పాడు.

"కోప్పడకండి బాబూ. మిమ్మల్ని మీయమ్మగారు అయిదు గవ్వలకి కొనుక్కున్నారంట గదా. మీ ముందు ఎంతమంది పోనారేటి?"

పక్క బల్ల మీద టైపు మిషను ఆగింది. భట్టశాలి బాబు పెన్నుకు మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ముగ్గురు," అన్నాడు, ఫైలులోంచి చదివినట్టు. తలుపు మీద బోర్డులో ఆయన పేరు అమరేంద్రనాథ్. దానివైపు చూస్తూ అన్నాడు: "మా అమ్మ ఇప్పటికీ నన్ను ఆ పేరుతో పిలవదు."

నిబంధనను మాత్రం ఆయన మీరలేదు. రేషన్‌కూ బడికీ చెల్లే ఒక తాత్కాలిక చీటీ రాశాడు. శిశువు: కూర్మయ్య కుమారుడు. పేరు: విచారణలో ఉంది. ఏటా పిల్లవాణ్ణి తెచ్చి చూపిస్తే చీటీ కొనసాగుతుంది. ఎన్ని తరాల అధికారులు మారినా తేలకుండా ఫైలు రాశానని, గొంతు తగ్గించి, కొంచెం గర్వంగా చెప్పాడు.

ఆ చీటీ విషయం విని అప్పలకొండమ్మ చాలాకాలానికి నవ్వింది. "సర్కారోలికే దొరకనోడు యముడికేటి దొరుకుతాడు?"

దొరకలేదు. ఇరవై ఏళ్ళ తరవాత కూడా తవిటయ్య మూడో అంతస్తు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళి, తనను చూపించుకుని వచ్చేవాడు. పేరు ఇంకా విచారణలోనే ఉంది.

అన్నలిద్దరి విషయంలో ఏ చిక్కూ లేదు. ఒకరు దీర్ఘకాలం బతికేవాడనీ, ఇంకొకరు తరగనివాడనీ ధ్రువీకరించిన పత్రాలు నేటికీ చెల్లుతాయి.