తాతకి కూలేమిటి?

ఒక పెద్ద అడవిలో క్రిస్మస్ వచ్చిందంటే అందరూ కొత్త బట్టలు కుట్టించుకునేవారు, ఏసోబు ఒక్కడే పాత ఎర్రకోటు దులుపుకునేవాడు. ఏసోబు ఎలుగుబంటి. అసలే ఒళ్ళంతా బొచ్చు, దాని మీద ఉన్నికోటు, మొహానికి బూరుగు దూది గడ్డం, భుజాన మూట. పండగ పూట ఆ క్రిస్మస్ తాత వేషంలో ఇంటింటికీ వెళ్ళి, గంట వాయించి, "హో హో హో" అని నవ్వి, ఎవరో కొన్న బొమ్మల్ని తనే తెచ్చినట్టు పిల్లలకి పంచి రావాలి. సాయంత్రానికి కోటు పిండితే బిందెడు చెమట వచ్చేది.

"ఎంతిమ్మంటావు?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఏసోబుకి నోరు పెగిలేది కాదు. "మీ దయ" అనేవాడు. వాళ్ళ దయ ఏటా ఒకేలా ఉండేది. ఒక శాలువా కప్పి, చప్పట్లు కొట్టి పంపేసేవారు.

"పండగ పూట పిల్లలు పస్తు పడుకుంటున్నారు. ఈ శాలువాలు ఉడకేసి పెట్టనా?" అంది పెళ్ళాం మార్తమ్మ ఈసారి.

ఏసోబుకి ఆ మాట గుచ్చుకుంది. అడవిలో పిల్లలందరికీ బొమ్మలు పంచిన చేతులే, సొంత పిల్లలకి ఒక్క చుక్క తేనె తేలేకపోయాయి. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఆ కోపం చల్లారకముందే అడవి సంఘం మీటింగుకి వెళ్ళాడు.

సంఘం ప్రెసిడెంటు ధవళరాజు గారు కొంగ. నోట్లో చేప ఉన్నప్పుడు తప్ప ఎప్పుడూ ధర్మం గురించే మాట్లాడేవారు. కోశాధికారి సూరన్న ముళ్ళపంది. సంఘం తేనెపట్లు దాచిన బొరియకి అడ్డంగా ఆయనే పడుకుంటాడు కాబట్టి అందులో చెయ్యి పెట్టే సాహసం ఎవరూ చెయ్యలేదు.

"అయ్యా, ఈ ఏడు ఇంటికో తేనెపట్టు ఇప్పించండి" అన్నాడు ఏసోబు, నేల చూస్తూ.

సూరన్న ముళ్ళు నిక్కబొడిచాయి. "దేనికెంతో విడివిడిగా చెప్పు. పొట్టకా? పొట్ట నీ సొంతం, దానికి అద్దేమిటి? నవ్వుకా? నవ్వితే ఆరోగ్యం, ఆ లాభం నీదే. గడ్డమా? బూరుగు చెట్టు సంఘానిది. లెక్కకొస్తే దూది తాలూకు నువ్వే మాకు బాకీ!"

సభ చప్పట్లు కొట్టింది. అప్పుడు ధవళరాజు గారు ఒంటికాలి మీద లేచి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"సూరన్నా, తప్పు! ఏసోబుని పనివాడిలా బేరమాడతావా? అతను మన తాత! మనమంతా ఒకే కుటుంబం! తాతకి కూలేమిటి? ఎంత అవమానం!" అని, అక్కడికక్కడే తీర్మానం చేయించారు. నేటినుంచి ఏసోబు అడవి మొత్తానికి సొంత తాత. తర్వాత శాలువా కప్పారు.

ఏసోబు కాళ్ళీడ్చుకుంటూ గుహకి చేరి జరిగింది చెప్పాడు. మార్తమ్మ తిడుతుందనుకుంటే, ఆవిడ మొహం వెలిగిపోయింది.

"తాతన్నారా? అందరూ ఒప్పుకున్నారా? మా నాన్న మనింట్లో ఉన్న రోజులు గుర్తున్నాయా నీకు?"

ఏసోబుకి బాగా గుర్తున్నాయి. ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తుంటాడు.

"అట్టాగే ఉండు" అంది మార్తమ్మ.

పండగ రోజు పొద్దున్నే మొదటి ఇల్లు ధవళరాజు గారిది, అంటే చెట్టు మీద గూడు. ఏసోబు ఎక్కి, గంట వాయించి, నవ్వి, బొమ్మలు పంచాడు. కొంగ పిల్లలు కేరింతలు కొట్టాయి.

"సరే తాతా, వెళ్ళిరా" అన్నారు ధవళరాజు గారు, శాలువా తీస్తూ.

"ఎక్కడికిరా మనవడా?" అంటూ ఏసోబు గూటి మధ్యలో కాళ్ళు చాపుకున్నాడు. "సొంత ఇల్లు వదిలి ఎక్కడికి పోను? కాసిని వేడినీళ్ళు పెట్టించు, మోకాళ్ళు లాగుతున్నాయి."

చెట్టు ఒకపక్కకి ఒరిగింది.

"పులుసులో ఉప్పెక్కువైంది. మా కాలంలో ఇంత ఉప్పు చూడలేదు" అన్నాడు కాసేపటికి. చేప ముళ్ళు తీసి పెట్టమన్నాడు. ఒంటికాలి మీద నిలబడటం పెంపకం లోపమన్నాడు. రెండో కాలు దించేదాకా ఊరుకోలేదు. తను చిన్నప్పుడు చీమల పుట్ట తవ్విన కథ మొదలుపెట్టి, సగంలో నిద్రపోయి, లేచి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ధవళరాజు గారు కొమ్మ చివర కూర్చోవాల్సి వచ్చింది, గూట్లో చోటు లేక.

ఈలోగా చెట్టు కింద అడవంతా పోగైంది. "తాతేడీ? మా బొమ్మలేవీ?" అని పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పెద్దలు ప్రెసిడెంటుని తిట్టడం మొదలుపెట్టారు.

"వస్తున్నాన్రా!" అని ఏసోబు పైనుంచి కేకేశాడు. "ఇక్కడ పదిరోజులుండి, తర్వాత సూరన్న ఇంటికి. అక్కడ ఉగాది దాకా ఉంటాను. మీ అవ్వ మార్తమ్మ కూడా వస్తుంది. మీ చిన్నాన్నలిద్దరికీ బాగా ఆకలి, చూసుకోండి."

సూరన్న బొరియ ఇరుకు. మార్తమ్మ నోటి సంగతి అతనికి తెలుసు. ముళ్ళన్నీ వాలిపోయి, తేనెపట్లు దాచిన బొరియ వైపు పరుగెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాని ముందునుంచి పక్కకి జరిగాడు.

"తాతా... అదే, ఏసోబు గారూ" అన్నారు ధవళరాజు గారు, కొమ్మ పట్టుకుని వేలాడుతూ. "మీరు ఒక ఇంటికి రావడానికి ఎంత తీసుకుంటారు?"

ఏసోబు దూది గడ్డం నిమురుకున్నాడు. ఈసారి నోరు బాగానే పెగిలింది.

"రావడానికేం వద్దు నాయనా, తాతకి కూలేమిటి? వెళ్ళడానికి మాత్రం ఇంటికో తేనెపట్టు."

ఆ పండక్కి ఎలుగు పిల్లలు మూతులకి తేనె పూసుకుని, శాలువాలకి తుడుచుకున్నారు. మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమై, ఏసోబు ఎవరికీ ఏమీ కాడని ఏకగ్రీవంగా తీర్మానించి, ఏటేటా ముందుగానే కూలి చెల్లిస్తామని రాసిచ్చింది.

నీతి: కూలి ఎగ్గొట్టాలనుంటే ఎగ్గొట్టండి గానీ, దయచేసి చుట్టరికం మాత్రం కలపకండి.