బొమ్మ లారీ గుద్దిన పొద్దు

ఆ ఉదయం రాజ్యలక్ష్మమ్మ పూజ ముగించి, చెప్పులు వేసుకుని, "ఈ పొద్దు కారు నేర్చుకోను పోతాండా" అంది. కర్నూలు బజారులో స్టీలు సామాన్ల అంగడి నడిపే ఆమె భర్త రామలింగయ్యకు కాఫీ పొలమారింది. ఇంటి ముందు కారుంది, తాళాలు ఆయన జేబులో ఉన్నాయి, ఇంట్లో నడిపేవాడే లేడు. ప్రతి గురువారం మంత్రాలయం పోవడానికి కారు నడపడం వచ్చిన మరిది తీరిక కోసం కాచుకుని కాచుకుని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి!

"అంత ఆశ ఉంటే ఆ డ్రైవింగ్ స్కూల్లో బొమ్మ కారు ఉండాదంట, అది నడుపు. గుద్దితివా, మళ్ళా కారు మాట ఎత్తగూడదు" అన్నాడు రామలింగయ్య.

"గుద్దకుంటే తాళాలియ్యల్ల."

"సరే పా."

డ్రైవింగ్ స్కూల్లో ఉన్నది ఒక కుర్చీ, స్టీరింగు, తలకు తగిలించుకునే పెద్ద కళ్ళద్దాలు. అవి పెట్టుకుంటే చుట్టూ రోడ్డే కనిపిస్తుంది. "వర్చువల్ రియాలిటీ అమ్మా. ఎంత గుద్దినా దెబ్బ తగలదు" అన్నాడు నేర్పే ధనుంజయ.

"ముందు నేను చూస్తా" అని, జన్మలో స్టీరింగు పట్టని రామలింగయ్య కుర్చీ ఎక్కాడు. అద్దాల్లో ఎదురుగా లారీ వచ్చింది. "పక్కకు పోరా!" అని అరిచాడు. బొమ్మ లారీ ఎవరి మాట వింటుంది? ప్రాణభయంతో ఆయన కుర్చీలోంచి దూకాడు. వైరు కాలికి చుట్టుకుని చీలమండ బెణికింది.

మూలుగుతూనే అంగడికి ఫోన్ చేశాడు. "గిడ్డయ్యా, లారీ గుద్దింది... కాలు..." అనేసరికి సెల్లులో చార్జింగు అయిపోయింది.

గుమాస్తా గిడ్డయ్య పక్క అంగడిలో కాలు పోయిందని చెప్పాడు. ఆ వార్త వీధి చివరికి చేరేసరికి మనిషే పోయాడు. బజారంతా షట్టర్లు దించేశారు. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. కాసేపటికి బజారు నుంచి స్కూలుకు ఫోను వచ్చింది. "శవాన్ని యాడికి తెస్తాండారప్పా?"

రామలింగయ్య ఫోను లాక్కున్నాడు. "నేను బతికే ఉండా!"

"ఎవరప్పా నువ్వు? ఇట్లాంటప్పుడు ఎకసెక్కాలా?" అని అవతలివాళ్ళు పెట్టేశారు.

మొహం చూపిస్తే తప్ప నమ్మేటట్టు లేరు. ఆయన కుంటుతూ బయటికి వచ్చేసరికి రాజ్యలక్ష్మమ్మ స్కూలు కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"దిగు! ధనుంజయ నడుపుతాడు."

"దిగను. గుద్దింది మీరు, నేను కాదు. ఎక్కితే ఎక్కండి, లేకుంటే కుంటుకుంటా రాండి."

పక్క సీట్లో ధనుంజయ తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. మొదటి గేరులోనే బజారు చేరారు. చచ్చినవాడు కారు దిగేసరికి జనం కేకలు పెట్టారు. తెచ్చిన దండ వృథా ఎందుకని కారుకే వేశారు.

గిడ్డయ్య కళ్ళు తుడుచుకుని, "ఏ లారీ సావుకారీ? నంబరు చూసినారా? వాణ్ణి ఇడిసిపెట్టేది లే!" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ భర్త చెవి దగ్గరికి వంగింది. "బొమ్మ లారీ అని నన్ను చెప్పమంటారా? తాళాలిస్తారా?"

తాళాలు ఆ నడిబజారులోనే చేతులు మారాయి.

ఆ లారీ కోసం గిడ్డయ్య ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు.