భోజనాల బల్ల మీది రైలు

ఆ సెలవురోజు ఉదయం పళ్ళ డాక్టరు ఆలోచన ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల లోపు తన బొమ్మరైలు పట్టాలు తప్పకుండా బల్ల మీద ఒక్క చుట్టు తిరగాలి. తిరిగితే భోజనాల బల్ల ఆయనది, లేకపోతే ఇంటిల్లిపాదిదీ. ఇది భార్య పెట్టిన గడువు. ఏడాదిగా కంచం ఒళ్ళో పెట్టుకుని తిని తిని ఆవిడకు విసుగొచ్చింది.

కొన్న చక్రాలు మలుపు దగ్గర మొండికేస్తున్నాయి. అందుకని పెట్టెల కింద ఇటూ అటూ తిరిగే చక్రాల చట్రాలు ఆయనే సొంతంగా చేసుకున్నాడు. చేతికి అలవాటైన సరుకు కాబట్టి, కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే గులాబీరంగు ముద్దతోనే పోశాడు. ఆ అలవాటు కొద్దీ వాటిని గ్లాసుడు నీళ్ళలో వేసి కిటికీలో పెట్టాడు కూడా. తర్వాత బల్ల అంచున గడ్డం ఆనించి పట్టాలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఎత్తు నుంచి చూస్తే మలుపు అవతల పొగమంచు ఉన్నట్టూ, ఎవరో చిన్న పెట్టె పట్టుకుని బండి కోసం నిలబడ్డట్టూ ఉంటుంది. చూస్తూ చూస్తూ ఆయన ఎక్కడికో వెళ్ళిపోయాడు.

అప్పుడే మామగారు లేచారు. కొత్త పళ్ళు చేసిపెడతానని అల్లుడు ఎప్పుడో ఆయన నోటి అచ్చులు తీసుకుని, రైలు ధ్యాసలో పడి ఆ సంగతే మరిచిపోయాడు. కళ్ళజోడు లేకుండా కిటికీ దగ్గరకొచ్చిన మామగారికి గ్లాసులో గులాబీరంగు కనబడింది. అల్లుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. వదులైపోయిన పాత పళ్ళసెట్టు తీసుకెళ్ళి, గుమ్మం ముందుకొచ్చిన చెత్తబండిలో పడేసి మరీ వచ్చారు.

"అమ్మాయ్, మీ ఆయన్ని ఇక ఏమీ అనకు. చిగుళ్ళు పోసేశాడు, పళ్ళు అమర్చడమే తరవాయి," అన్నారు బోసినోటితో.

కూతురి కళ్ళు చెమర్చాయి. గడువు అక్కడికక్కడే రద్దయింది.

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమండీ? బల్ల మీరే ఉంచుకోండి," అంది భర్తతో.

డాక్టరు నిజం చెప్పాలని నోరు తెరిచాడు. బల్ల గుర్తొచ్చి మూసుకున్నాడు. ఈలోగా ఆవిడ అన్నయ్యకు ఫోన్ చేసేసింది. నాన్న కొత్త పళ్ళు చూడ్డానికి సాయంత్రం పెళ్ళాంపిల్లలతో వస్తున్నానన్నాడు అన్నయ్య. వీధిలో చెత్తబండి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

ఇక చేసేదేముంది? పాత అచ్చుల దుమ్ము దులిపి, డాక్టరు తలుపు వేసుకున్నాడు. చేతులు పళ్ళు అమరుస్తున్నా మనసు రైలెక్కి తిరుగుతూనే ఉంది. అయినా పళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయి.

సాయంత్రం అందరి ముందూ మామగారు గట్టి రొట్టె అంచు కటుక్కున కొరికారు.

"ఇన్నాళ్ళూ మెత్తటివి మింగుతూ ఓ మూల కూర్చున్నాను, అల్లుడూ. ఇక రోజూ మీ అందరితో బల్ల దగ్గరే కూర్చుని నమిలి తింటాను," అన్నారు.

కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? డాక్టరుకు సంతోషం సగం, సిగ్గు సగం. పట్టాలు తనే ఊడదీశాడు.

రైలు ఇప్పుడు బల్ల కింద నడుస్తోంది. గులాబీరంగు చట్రాల మీద మలుపులన్నీ మెత్తగా తిరుగుతోంది. భోంచేసేటప్పుడు మామగారు కాళ్ళు కదపనంతసేపూ వేళకే వస్తోంది.