తుప్పు పట్టిన కొత్తబండి

ఆ రోజు ఉదయం రంగులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం బస్సుకి భార్య వచ్చేలోగా ఆమె మోటారు సైకిలు పోకుండా చూసుకోవాలి. అంతే. ఇంతకన్నా పెద్ద పనులు ఆయన చాలానే చేశాడు. నాటకాల కంపెనీలో తెరలకీ కోటలకీ రంగులు వేసే మనిషి, రెండు చెక్కలూ ఒక పాత దుప్పటీ ఇస్తే రాజభవనం లేపగలవాడు. కానీ ఆ భవనాలు ఎన్ని కూలినా ఆయనకి నిద్ర పట్టేది. భార్య వస్తువు మీద ఈగ వాలితే పట్టేది కాదు.

దానికి కారణం ఉంది. భార్యని వీధంతా నర్సమ్మ అంటారు. ఇళ్ళకి వెళ్ళి పురుళ్ళు పోస్తుంది, పిలుపొస్తే చేతిలో ముద్ద వదిలేసి లేస్తుంది. అంతకుముందు ఆమెకో సైకిలుండేది. ఒకనాడు దాన్ని రంగులాయన కుంచెలు కొనడానికి తీసుకెళ్ళాడు. కొట్లో కుంచె వెంట్రుకల నాణ్యత గురించి వాదనలో పడి ఒళ్ళు మరిచాడు. తాళం వేయడం అంతకుముందే మరిచాడు. బయటికొచ్చి చూస్తే సైకిలు నిలబెట్టిన చోట ఒక కుక్క పడుకుని ఉంది. నర్సమ్మ ఒక్క మాట అనలేదు. ఆ వానాకాలమంతా నడిచే తిరిగింది. ఇంటికొచ్చాక వాచిన పాదాలు వేడినీళ్ళ బేసిన్‌లో పెట్టుకుని కూర్చునేది. రంగులాయన నీళ్ళు మార్చేవాడే గానీ తలెత్తి ఆమె మొహం చూసేవాడు కాదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆయనకి ప్రాణం తేలికపడేది.

తర్వాత ఆమె పైసా పైసా కూడబెట్టి ఎర్రటి మోటారు సైకిలు కొనుక్కుంది. ఈ వారం పెద్దాసుపత్రిలో ఏదో శిక్షణ ఉందని నాలుగు రోజులకి ఊరెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి చెప్పింది. "బండి జోలికి వెళ్ళకండి. మీరేమీ చెయ్యకుండా ఉంటే చాలు, అది క్షేమంగా ఉంటుంది."

ఈ మాటలో మొదటి సగం ఆయన బుద్ధిగా పాటించాడు. తాళంచెవి మేకుకి వేలాడుతున్నా తీసి ఒక్క చక్కరు కొట్టలేదు. రెండో సగం మాత్రం ఆయన స్వభావానికి సరిపడలేదు. పైగా మేడమీది ఇంటిగలావిడ, వీధి వాళ్ళందరికీ పిన్నిగారు, పక్క సందులో రెండు బళ్ళు మాయమయ్యాయన్న వార్త మోసుకొచ్చింది. ఇంటికి ఆవరణ లేదు, బండి ఉండేది సందులో గోడవారనే. రంగులాయన బండి హ్యాండిల్‌కి పురికొస కట్టి, కిటికీలోంచి లాగి, రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని పడుకున్నాడు. దొంగ రాలేదు గానీ పిల్లులు వచ్చాయి. ఆయన వేలు వంకాయ రంగుకి తిరిగింది.

అలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు కంపెనీలో కొత్త నాటకం మొదలు కాబోతోంది, పొద్దున్నుంచే ఉండి తీరాలి. బండి ఒంటరిదైపోతుంది. పళ్ళు తోముకుంటూ దాన్నే చూస్తూ ఆలోచిస్తుంటే ఆయనకి మెరుపులాంటి ఊహ తట్టింది. దొంగ బండిని చూసి కదా ఎత్తుకుపోతాడు. చూడబుద్ధి కాని బండిని ఎవడు ఎత్తుకుపోతాడు?

తుప్పు వేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. కిందటి నాటకంలో ఆయన వేసిన జైలు ఊచలు చూసి, ముందు వరసలో తెల్లచొక్కా పెద్దమనిషి ఎక్కడ అంటుకుంటుందోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ ఘనత తలుచుకుంటూనే రంగులాయన ఇటుకపొడి, కావిరంగు, రంపపుపొట్టు, బంకనీళ్ళు కలిపాడు. నీళ్ళు పోసి రుద్దితే పోయే సరుకే కాబట్టి, సాయంత్రం భార్య వచ్చేలోగా కడిగేస్తే ఎవరికీ తెలియదు. ట్యాంకు మీద పొక్కులు లేపాడు. సీటు మీద స్పాంజి బయటికి తన్నుకొచ్చిన పాత తొడుగు వేశాడు. నంబరు ప్లేటు ఊడదీసి వంటింట్లో పిండిడబ్బాలో దాచాడు. చక్రపు ఊచల మధ్య దూదితో సాలెగూడు కూడా అల్లాడు. ఇంజను దగ్గర ఒక వైరు అప్పటికే ఊడి వేలాడుతోంది. శిథిలానికి అది మంచి అందం ఇచ్చిందనుకుని దాన్ని అలాగే వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే తనకే జాలేసింది. బతుకులో మొదటిసారి భార్య వస్తువుకి కాపలా కాయగలిగానన్న తృప్తితో, తాళంచెవి జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ పనికి పోయాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి గోడవార ఖాళీగా ఉంది.

రంగులాయన సందు ఆ కొసనుంచి ఈ కొసదాకా వెతికాడు. వాచిన పాదాలు, వేడినీళ్ళ బేసిన్, మాట్లాడని మొహం, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. అంత బాధలోనూ లోపల ఎక్కడో ఇంకొక బాధ కూడా కెలికింది. తుప్పు సరిగ్గా కుదరలేదా? పొక్కులు పల్చబడ్డాయా? చూడగానే ఉత్త రంగని దొంగ పట్టేశాడా?

ఇంతలో పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ మేడ దిగొచ్చింది. ధైర్యంగా ఉండమంది. పొద్దున్న బాల్కనీలోంచి చూసేసరికే నర్సమ్మ ఎర్రబండి లేదట. పోలీసులకి ఫోన్ చేసిందట, నర్సమ్మకీ చేసిందట, పాపం ఆ పిల్ల వెంటనే బస్సెక్కేసిందట.

"దొంగకైనా ఓ మర్యాద ఉండాలి నాయనా," అంది పిన్నిగారు. "మంచిది ఎత్తుకుపోతే పోయాడు, తన దిక్కుమాలిన బండి తెచ్చి మన గుమ్మంలో పడేసి పోతాడా? సాలెగూళ్ళతో సహా. నర్సమ్మ వచ్చి అది చూస్తే గుండె పగిలిపోతుందని, పాత ఇనుము ఆయన్ని పిలిచి ఇచ్చేశా."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, రంగులాయన ఛాతీ పొంగింది. సాలెగూడు కూడా నమ్మింది! మరుక్షణం అసలు విషయం బుర్రకెక్కి ఆయన పరుగందుకున్నాడు. పిన్నిగారు దుఃఖంతో మతి పోయిందనుకుని వెనకనుంచి మంచినీళ్ళు తాగి వెళ్ళమని పిలిచింది.

పాత ఇనుము కొట్టు వీధి చివర ఉంది. ఈయన వెళ్ళేసరికి ఆ కొట్టాయన బండిని పక్కకి పడుకోబెట్టి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని సుత్తి పట్టుకుని చూస్తున్నాడు. రంగులాయన వెళ్ళి బండి మీద అడ్డంగా పడ్డాడు. ఇది తుక్కు కాదు, కొత్తబండి అన్నాడు. కొట్టాయన ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాడు. విరిగిన మంచాన్ని అమ్మేసి మళ్ళీ వచ్చి కావలించుకుని ఏడ్చేవాళ్ళుంటారు. అలాగేలే అన్నా, అందరికీ తమది కొత్తదే అని ఓదార్చాడు. రంగులాయన ఇక మాటలతో లాభం లేదని మూలనున్న బక్కెట్లోంచి దోసెడు నీళ్ళు తెచ్చి ట్యాంకు మీద రుద్దాడు. అరచేతి మేర తుప్పు కరిగి, కింద ఎర్రరంగు నిగనిగలాడింది.

దాంతో కొట్టాయన మొహం తెల్లబోయింది. వెనకటికి దొంగసరుకని తెలియక డ్రైనేజీ మూత ఒకటి కొని, స్టేషన్ చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నవాడు. సుత్తి కింద పెట్టి, బండికి ఆమడ దూరం జరిగి, ఫోన్ తీసి నేరుగా కానిస్టేబులుకే చేశాడు.

కానిస్టేబులు నెమ్మదైన మనిషి. ఎర్రటి కొత్తబండి పోయిందన్న పిన్నిగారి ఫిర్యాదు మీద అప్పటికే ఆ వీధిలోనే తిరుగుతున్నాడు. వచ్చి బండి చుట్టూ ఒకసారి నడిచాడు. ఎర్రగా మెరుస్తున్న అరచేతి మేర వేలితో తడిమాడు.

"ఎవరిది బండి?"

"మా ఆవిడదండీ."

"పోయిందని ఫిర్యాదొచ్చింది కూడా మీ ఆవిడ బండి గురించే. అంటే మీ ఆవిడ బండి నువ్వే ఎత్తుకొచ్చావన్నమాట."

ఎత్తుకుపోకుండా చేశానని రంగులాయన వివరించబోయాడు. కానిస్టేబులు చెయ్యెత్తి ఆపాడు.

"ఈ రంగు వేసింది నువ్వేనా?"

"నేనేనండీ." ఆ మాటలో కాస్త గర్వం దొర్లింది. ఆపుకుందామనుకున్నాడు గానీ అప్పటికే దొర్లిపోయింది.

"నల్లబండికి నీలం వేసినవాణ్ణి చూశాను, తెల్లదానికి పచ్చ వేసినవాణ్ణి చూశాను. తుప్పు వేసినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నా. నంబరు ప్లేటేదీ?"

"పిండిడబ్బాలో ఉందండీ."

కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత, నీదే అయితే నడిపి చూపించమన్నాడు. రంగులాయన ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి తాళంచెవి తీశాడు. బండి లేవనెత్తి, ఎక్కి, కిక్కు కొట్టాడు. బండి కిమ్మనలేదు. మళ్ళీ కొట్టాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయేదాకా కొట్టాడు. ఇంజను పోయినట్టుందని కొట్టాయన దూరంనుంచే సానుభూతి చూపించాడు. రంగులాయనకి తన మీద తనకే అనుమానం మొదలైంది. తుప్పు మరీ సహజంగా వచ్చేసి లోపలికి కూడా పాకిందా?

స్టేషనుకి బండిని ఆయనే తోసుకెళ్ళాల్సి వచ్చింది. దారిలో నాటకశాల గేటు ముందు రాజు వేషం వేసే నటుడు నిలబడి టీ తాగుతూ, ఆ తుక్కు రెండో అంకానికేనా, భలే దొరికింది అని మెచ్చుకున్నాడు. వెనక నడుస్తున్న కానిస్టేబుల్ని చూసి, వేషం బాగా కుదిరిందని ఆయన్నీ మెచ్చుకున్నాడు.

స్టేషన్ వరండాలో బండిని నిలబెట్టి, రంగులాయన్ని లోపల తలుపు పక్క బల్ల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి వరండాలో నర్సమ్మ గొంతు వినిపించింది. బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. రంగులాయన గోడకి కరుచుకుపోయాడు. ఆమె కానిస్టేబులుతో గొంతు తగ్గించి చెబుతోంది.

"బండి దొరక్కపోయినా ఫర్వాలేదండీ, ఎలాగో మళ్ళీ కొనుక్కుంటాను. మా ఆయనకి మాత్రం కాస్త నిదానంగా చెప్పండి. వెనక సైకిలు పోయినప్పుడే మనిషి సగమైపోయారు. ఏమన్నా అంటే ఇంకా కుంగిపోతారని నేను నోరెత్తలేదు. ఈసారి ఆయన తప్పేం లేదు, తాళం వేసే ఉంది."

రంగులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆ మౌనాన్ని తనకి వేసిన శిక్ష అనుకున్నాడు. అది తన కోసం పట్టిన గొడుగని ఇప్పుడు తెలిసింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నా వెక్కిళ్ళు ఆగలేదు.

"మీ ఆయనకి తెలిసిపోయింది లెండి," అన్నాడు కానిస్టేబులు, తలుపు తీసి చూపిస్తూ. తర్వాత వరండాలో బండి చూపించాడు. "ఇది మీదేనా అమ్మా? నిజం చెప్పండి."

నర్సమ్మ బండినీ, సాలెగూడునీ చూసింది. "కాదండీ. నాది కొత్తది," అంది. ఎంత నిజాయితీగా అందంటే, రంగులాయనకి ఆశ పూర్తిగా వదిలిపోయింది. ఆయన తల వంచుకునే అన్నాడు.

"ఒకసారి తుడిచి చూడు."

ఆమె చేతిరుమాలు తడిపి తుడిచింది. ఎర్రరంగు బయటపడింది. ఇంకొంచెం తుడిచింది. తర్వాత భర్త గోళ్ళలోని ఇటుకపొడి చూసింది. సంచి తెరిచి, కళ్ళజోడు పెట్టెలోంచి చిన్న నల్లటి మూత ఒకటి తీసింది. ఇంజను పక్కకి వంగి, శిథిలానికి అందం ఇచ్చిన ఆ వైరు కొసకి మూత బిగించి, ప్లగ్గు మీద నొక్కింది. తాళంచెవి అడిగి తీసుకుని ఒక్క కిక్కు కొట్టింది. ఆ తుక్కు అంతా ఒక్కసారి వణికి, గుర్రుమంటూ ప్రాణం పోసుకుంది. సాలెగూడు ఊడి కానిస్టేబులు బూటు మీద పడింది.

"ఇది లేకుండా బండి కదలదండీ," అంది కానిస్టేబులుతో. "ఊరెళ్తూ తీసి నా దగ్గరే పెట్టుకున్నా."

అంటే దొంగ వచ్చినా ఏమీ చెయ్యలేకపోయేవాడు. పురికొసా, వంకాయ రంగు వేలూ, తుప్పూ, అన్నీ వృథా. రంగులాయన చిన్నబోయిన మొహంతో అడిగాడు. "నన్ను నమ్మలేదా?"

"దొంగల్ని నమ్మలేదండీ." నర్సమ్మ చేతికంటిన ఇటుకపొడి దులుపుకుంది. "మిమ్మల్ని కూడా కొంచెం."

అంత కష్టంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. మొదటిసారి నవ్వినవాళ్ళలా ఇద్దరూ ఆగకుండా నవ్వుతుంటే, సొంతదారు దొరికినా దొంగ దొరకని ఈ ఫిర్యాదుని ఏం చెయ్యాలో కానిస్టేబులుకి తోచక బయల్దేరమన్నాడు. గేటు దాకా వెనకాలే వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కలిపిన రంగు కొంచెం మిగిలిందా? నాది నల్లబండి. దాని మీద ఆనుతుందా?"

ఇంటి ముందు బండి ఆపాక నర్సమ్మ ఆ నల్లటి మూత విప్పి రంగులాయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది. ఇక నుంచి ఇది మీ దగ్గరుంచండి అంది. ఆయన దాన్ని పారేసుకుంటానేమోనన్న భయంతో చాలాసేపు పిడికిలి తెరవలేదు. తెరిచాక బక్కెట్‌తో నీళ్ళు తేబోతే ఆమె వద్దంది. తుప్పు పది రోజులు అలాగే ఉండనిమ్మంది, బాగానే పనిచేసిందట.

పాత ఇనుము ఆయన మాత్రం అప్పట్నుంచీ ఎవరు ఏ తుక్కు తెచ్చినా, ముందు చెంబుడు నీళ్ళు పోసి చూసుకుంటున్నాడు.