మొకం కనబడే దయ్యం

ఆ పొద్దున ఆదెమ్మ ఇప్పపూలు ఏరడానికి బుట్ట తీసింది. అంతలో చర్ల దారిలో దుమ్ము లేపుకుంటూ సినిమావాళ్ల వ్యాను ఆ కోయ ఊళ్లోకి వచ్చింది. దర్శకుడు ఉదయ్ భాస్కర్‌ది మధిర. నవ్విస్తూ భయపెట్టే దయ్యం సినిమా తీస్తున్నాడు. ఇన్నాళ్లూ సినిమాల్లో కోయవాళ్ల నడుముకు ఆకులు కట్టి హీరో వెనక గంతులు వేయించారని, తాను మాత్రం దయ్యం వేషమే కోయ మనిషికి ఇస్తానని ఊరి ముందు నిలబడి చెప్పాడు. మీ ముఖం లోకమంతా చూస్తుందన్నాడు.

ఆ ఉపన్యాసంలో ఆదెమ్మ చెవికెక్కింది ముఖం అన్న మాటొక్కటే. ఆమె అక్క కొండమ్మను ఛత్తీస్‌గఢ్ వైపు అడవిలో ఇచ్చారు. వాగులు, పోలీసు క్యాంపులు, దారి కాని దారులు అడ్డుపడి అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకొని ఏళ్లయింది. అక్క గుర్తొస్తే ఆదెమ్మకు ముద్ద దిగదు. తాను వెళ్లలేకపోయినా తన ముఖమైనా ఫోన్లో అక్క దాకా వెళ్తుందనుకుంది. బుట్ట మూలన పడేసి వేషానికి ఒప్పుకుంది.

తీరా చూస్తే ముఖానికి పిండి పూసి, జుట్టంతా ముందుకు దువ్వారు.

"మొకం ఏది సారూ?" అని అడిగింది.

"ముఖం కనబడకపోతేనే దయ్యమంటే భయం అమ్మా" అన్నాడాయన.

ఆదెమ్మకు ఏడుపొచ్చింది. పిండి చెడుతుందని ఆపుకుంది.

ఎప్పుడో చనిపోయిన ఆడమనిషి ఊళ్లోకి తిరిగొస్తుందని ఊరివాళ్లకు కథ చెప్పారు. చూసి పారిపోవాలని వేరే చెప్పాలా అనుకొని ఆ ముక్క చెప్పలేదు. కెమెరా తిరిగింది. దయ్యం రాగానే పక్కింటి నాగలక్ష్మి కాళ్లకు నీళ్లు తెచ్చింది. ఇంకెవరో మంచం వాల్చారు. ఉదయ్ భాస్కర్ పరిగెత్తుకొచ్చి, భయపడాలమ్మా అని మొత్తుకున్నాడు.

"పోయినోళ్లు మనోళ్లే కద సారూ. ఇంటికొస్తే భయమెందుకు?" అంది నాగలక్ష్మి.

అయితే పొరుగూరి దయ్యమనుకోండి అన్నాడాయన. పొరుగూరి నుంచి వచ్చిందంటే మర్యాద ఇంకా గట్టిగా చేయాలి. మళ్లీ కెమెరా తిరిగేసరికి ఎవరో కోడిని కోసేశారు. అది నేలకొండపల్లి నుంచి కిరాయికి తెచ్చిన కోడి. దయ్యాన్ని చూసి మూర్ఛపోవడం దానికి నేర్పించారు. సినిమాలో సగం నవ్వు దాని మీదే ఉంది. ఉదయ్ భాస్కర్ తల పట్టుకొని కూలబడ్డాడు. కెమెరా ఆపమనడం కూడా మరిచాడు.

అప్పుడు ముసలి బొజ్జయ్య దయ్యం దగ్గరికొచ్చాడు. ఆయన భార్య లాలి కిందటేడే పోయింది. పిండి కింద ఉన్నది ఆదెమ్మేనని ఆయనకు తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"మా లాలి కనబడ్డదా బిడ్డా? ఎట్లున్నది?" అన్నాడు కోయలో.

సినిమాలో దయ్యానికి మాటలు రాయలేదు. కానీ రాని మనిషి కోసం ఎదురుచూడటం ఎట్లా ఉంటుందో ఆదెమ్మకు తెలుసు. రెండు చేతులతో జుట్టు పక్కకు తీసింది.

"మంచిగున్నది మామా. ఎప్పుడూ నీ ముచ్చటే తీస్తది."

బొజ్జయ్య తలపాగా విప్పి కళ్లు ఒత్తుకున్నాడు. ఉదయ్ భాస్కర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, కెమెరా ఆపబోయిన మనిషిని చేత్తో వారించాడు. హాస్యం చెడిందని నిర్మాత ఎంత గోల పెట్టినా ఆ సీను తీసేయనివ్వలేదు.

కొన్నాళ్లకు సినిమా ఫోన్లలోకి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆదెమ్మ వాకిట్లో శోకాలు వినిపించాయి. బయటికొచ్చి చూస్తే కొండమ్మ. వెనక బియ్యం మూటలతో ఆమె చుట్టాలు. అల్లుడి ఫోన్లో చెల్లెలి ముఖం చూసిందట. లాలి పోయిన సంగతి సంతకొచ్చినవాళ్ల నోట ఆమె కిందటేడే విన్నది. లాలి కబురు తెచ్చి చెప్తున్నదంటే చెల్లెలు కూడా అక్కడికే పోయిందనుకొని, ఆమె దినం చేయడానికి వాగులన్నీ దాటుకొని వచ్చింది.

ఎదురుగా నిలబడ్డ చెల్లెలి బుగ్గలు కొండమ్మ తడిమి చూసింది. వేళ్లకు పిండి అంటలేదు.

"బతికే ఉన్నవా? మరి చెప్పవేందే" అని వీపు మీద ఒక్కటేసి, వాటేసుకొని మళ్లీ ఏడ్చింది. ఆదెమ్మ ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

దినానికని తెచ్చిన బియ్యం వెనక్కి మోసుకెళ్లకూడదని, అవి అయిపోయాకే కదులుతానని కొండమ్మ తేల్చి చెప్పింది. ఆదెమ్మ ఆ పూట నుంచే పలచగా గంజి కాచడం మొదలుపెట్టింది.